రెండు తుపాకీ ఆటలు, సత్తెక్క కోపం

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నానో లేదో, పక్క సీట్లో ఒకాయన ఫోన్‌లో తుపాకీ ఆట మొదలుపెట్టాడు. శబ్దం బోగీ అంతా వినిపిస్తోంది. ఖాళీ అయిన తుపాకీలో మళ్లీ తూటాలు నింపే ఆ టకటక వినగానే నాకు సత్తెక్క గుర్తొచ్చింది. ఆమెతో పాటు, ఇన్నేళ్లయినా చల్లారని కోపం కూడా.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. నాన్న ఉద్యోగరీత్యా గుంటూరు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. నేను డిగ్రీ చదువుతూ, ఎల్బీనగర్‌లో రెండు గదుల్లో నడిచే ఒక కంప్యూటర్ మాసపత్రికకు వీడియోగేముల సమీక్షలు రాసేదాన్ని. దాని సంపాదకురాలు సత్తెక్క. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ప్రూఫులు దిద్దుతూ ఆ కుర్చీ దాకా ఎదిగిన మనిషి. సాయంత్రమైతే ధర్నాకు వెళ్లేది.

ఒకసారి రెండు యుద్ధపు ఆటలను పోల్చి రాయమంది. రెండింటిలోనూ తెర మీద మన చేతులూ, తుపాకీ మాత్రమే కనిపిస్తాయి. ఒకటి పాతది, బొమ్మలు మోటు. రెండోది అప్పుడే మార్కెట్లోకి వచ్చింది, సినిమాలా మెరిసిపోతుంది. నేను రాసింది చదివి సత్తెక్క కళ్లద్దాలు తీసింది.

"రెండూ మొత్తం ఆడినవా?"

"పాతది చాలాసార్లు ఆడానక్కా. కొత్తది కొంచెమే. మిగతాది సీడీ డబ్బా మీద ఉన్నదే రాశాను."

"డబ్బా తన డబ్బా తనే కొట్టుకుంటది. నువ్వెందుకు కొడుతున్నవ్? నడువ్, నేను గూడ వస్త."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీది గేమింగ్ సెంటర్‌లో మూడు మధ్యాహ్నాలు నా పక్కనే కూర్చుంది. మూడో రోజు కింద రోడ్డు మీద విద్యార్థుల ఊరేగింపు మీదికి పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఆ పొగ మెట్లెక్కి లోపలికొచ్చి మా కళ్లు మండించింది. తెర మీద కొత్త ఆటలోనూ పొగే. కానీ అందంగా, హాయిగా తేలుతోంది. అందులో నేను చచ్చిపోయాను. ఐదు సెకన్లలో లేచి మళ్లీ కాల్చడం మొదలుపెట్టాను.

"గదేంది, లేచినవ్?" కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ అడిగింది.

"ఇందులో అంతేనక్కా. పాతదాంట్లో అయితే, చచ్చినవాళ్లు ఆ రౌండ్ అయ్యేదాకా ఊరికే చూస్తూ కూర్చోవాలి. జట్టులో ఒకరు తగ్గిపోతారు."

"ఒక మనిషి పోతే ఎంత లోటో గా పాత ఆటకు ఎరుకే. బయట మా పోరగాళ్లు పానాలు తీసుకుంటున్నరు. ఒక్కడన్న మల్ల లేస్తున్నడా?" ఆమె తెర మీది గోడలు చూపించింది. "గా ఉర్దూ లెక్క రాతలు జూడు. మలక్‌పేట గల్లీ లెక్కనే ఉంది. ఒక్క ఇంట్ల సంసారం లేదు. కాల్చెతందుకే కట్టిండ్రా గా ఊరు?"

అదంతా రాశాను. పాత ఆటకు పదికి ఎనిమిది మార్కులు, కొత్తదానికి నాలుగు. పత్రిక అచ్చయి వచ్చేసరికి అంకెలు తారుమారయ్యాయి. నా పేరుతో నేను రాయని పొగడ్తలు. వెనక అట్ట నిండా ఆ కొత్త ఆట అమ్మే దుకాణం ప్రకటన.

సత్తెక్క నన్ను వెంటబెట్టుకుని యజమాని గదిలోకి దూసుకెళ్లింది.

"అట్ట అమ్ముకున్నరు, సరే. గీ పిల్ల పేరెట్ల అమ్ముతరు?"

ఆయన నవ్వాడు. "ఆంధ్రోళ్ల పిల్ల గద సత్తెమ్మా. రోజూ ధర్నాల కూసునేదానివి, నీకెందుకు గింత పరేషాన్?"

"అన్యాయమైందనే గద ధర్నాల కూసుంటున్న. గీ పిల్లకు అన్యాయమైతే నోరు మూసుకుంటనా?"

ఆయన నా వైపు తిరిగాడు. "నీకేమన్న అభ్యంతరమా అమ్మా?"

ఉందని ఒక్క మాట అంటే చాలు. కానీ మళ్లీ నా పేరు అచ్చులో కనిపించదేమోనన్న భయం నోరు నొక్కేసింది. "లేదు సార్," అన్నాను.

"విన్నవ్ గద," అన్నాడాయన సత్తెక్కతో. "రేపటి నుంచి నువ్వు రాకు."

బస్టాపులో ఏడుస్తుంటే ఆమే నా భుజం మీద చెయ్యి వేసింది. "భయపడ్డవ్ బిడ్డా, గంతే. గా కోపం నీ మీద పెట్టుకోకు. భయపెట్టినోని మీద ఉంచుకో." బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేనూ ఆ పత్రికాఫీసు మెట్లు ఎక్కలేదు.

ఆమె మాట సగమే వినగలిగాను. ఆయన మీద కోపం ఉంది. నా మీద అంతకన్నా ఎక్కువ ఉంది. ఇప్పటికీ ఆటల మీద రాయడమే నా పని. చివరిదాకా ఆడకుండా ఒక్క వాక్యమూ రాయను. మార్కులు కాస్త పెంచమని తీయగా అడిగే ఫోన్లు వస్తూనే ఉంటాయి. కుదరదని చెప్పడానికి నాకిప్పుడు క్షణం పట్టదు. అంత సులువైన మాట, ఒక మనిషి నా కోసం ఉద్యోగం పణంగా పెట్టి నిలబడ్డప్పుడు నా నోట రాలేదే అని మాత్రం, ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.