పచ్చసొన

మా ఇంట్లో గుండె జబ్బు నాన్నది. పోయింది అమ్మ. ఈ మాట ఎవరితో అన్నా నేను తడబడ్డాననుకుంటారు. తడబడలేదు. ఇన్నేళ్ళు గడిచినా నాకే ఇంకా కొరుకుడు పడని సంగతి అది.

నాన్న నర్సీపట్నంలో టైలరు. మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు, ఒక మిషను, గోడ నిండా వేలాడే స్కూలు యూనిఫారాలు. అమ్మ ఇంట్లో కూర్చుని వాటికి కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. వాళ్ళకి నేనొక్కదాన్నే. తొంభైల్లో, నేను డిగ్రీ చదువుతుండగా, ఒక ఎండాకాలం నాన్న మిషను మీదే ఒరిగిపోయాడు. విశాఖపట్నం తీసుకెళితే గుండెపోటన్నారు. పదకొండు రోజులు ఉంచుకుని, సంచీ నిండా మాత్రలూ, చేతిలో ఒక కాగితమూ పెట్టి పంపించారు. నాన్న ఏం తినాలో, ఏం తినకూడదో ఆ కాగితంలో ఉంది.

అది నా చేతికి రావడమే వచ్చిన చిక్కు. నాకు చిన్నప్పటి నుంచీ పెత్తనం అంటే సరదా. చర్చిలో ఇచ్చిన పాత క్యాలెండరు తిరగేసి, వెనక తెల్లటి వైపున స్కెచ్ పెన్నుతో గుమ్మడికాయలంత అక్షరాలతో అంతా ఎక్కించి, పొయ్యి పక్కన గోడకి అంటించాను. ఉప్పు రోజు మొత్తానికి ఒక్క చిన్న చెంచా. ఊరగాయ వద్దు, ఎండుచేప వద్దు, వేపుడు వద్దు. కోడి తోలు తీసేసి వండాలి. పాల మీద మీగడ ఉండకూడదు. గుడ్డులో తెల్లసొన మాత్రమే. అన్నిటికన్నా పైన ‘నాన్న’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను. గీతలు వంకర పోకుండా స్కేలు కూడా పెట్టాను.

ఆ కాగితం నాన్నని బతికించింది. అందులో అనుమానం లేదు. ఎండు నెత్తళ్ళ వేపుడు లేకపోతే చారన్నం ముట్టని మనిషి, ఉడికించిన బీరకాయా ఆనపకాయా తినడం నేర్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి పొట్ట తగ్గింది, ఆయాసం తగ్గింది, చర్చికి నడిచి వెళ్ళగలిగాడు. నెలనెలా చూసే మా ఊరి డాక్టరుగారు, “మాత్రలొక్కటే కాదు, మీ ఇంటావిడ వంట కూడా పని చేస్తోంది” అనేవారు. నాన్న ఆ మాట షాపుకొచ్చిన ప్రతి వాళ్ళకీ చెప్పుకునేవాడు.

అంత బుద్ధిమంతుడేమీ కాదు లెండి. ఒకసారి ఎవరిదో కొత్త జాకెట్టు గుడ్డ మీద నూనె మరక కనిపించింది. అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, “బస్టాండు కాడి మిరపకాయ బజ్జీ. సెప్పండి, ఎన్ని తిన్నారు?” అంది. నాన్న మిషను తొక్కడం ఆపకుండా, “రెండే. అదీ వాడు బలవంతం సేస్తేనే” అన్నాడు. బజ్జీల బండివాడు బలవంతం చేశాడట! ఆ రోజు ముగ్గురం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. అమ్మ నవ్వు తలుచుకోవాలంటే నేను ఆ మధ్యాహ్నానికే వెళతాను.

నాన్నకి తీసేసినవన్నీ ఎక్కడికి వెళ్ళాయి? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. వేసుకోవాల్సిన అవసరమే లేదు, ఎందుకంటే నా కళ్ళ ముందే వెళ్ళాయి. పొయ్యి వెనక సొట్టలు పడిన చిన్న స్టీలు గిన్నె ఒకటి ఉండేది. మీగడ అందులోకి, కోడి తోలు అందులోకి, ప్రతి పొద్దున్నా నాన్న గుడ్డులోంచి తీసిన పచ్చసొన అందులోకి. మేమిద్దరం తిని లేచాక అమ్మ ఆ గిన్నె దగ్గర పెట్టుకుని, సొన మీద ఉప్పూ కారం చల్లుకుని, నిలబడే తినేసేది. నాన్నకి జబ్బు చేసిన ఏడాది అప్పటికే జాడీడు ఆవకాయ పెట్టి ఉంది. ముగ్గురికి ఏడాదికి సరిపడే ఆవకాయ అమ్మ ఒక్కత్తే తింది. నాన్న కూర చప్పగా వండేది కదా, అది మిగిలితే దాన్నీ ఆవకాయతోనే కలుపుకునేది.

ఒకసారి మాత్రం అన్నాను. “అది పారెయ్యొచ్చు కదమ్మా.”

“ఓలమ్మా, పారీడానికి సేతులెలాగొస్తాయే?” అంది అమ్మ. “బంగారం లాటి సొన. దేవుడిచ్చిన తిండి. నాకేటౌద్ది, జబ్బు మీ నాన్నకి గానీ నాక్కాదు గదా.”

నిజమే కదా అనుకున్నాను. డిగ్రీ చదువుతున్న దాన్ని, సైన్సు పుస్తకంలో గుండె బొమ్మ గీసి నాలుగు గదులకీ పేర్లు పెట్టిన దాన్ని, నిజమే కదా అనుకున్నాను.

మా ఇంట్లో భోజనానికి ముందు నాన్న ప్రార్థన చేసేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ప్రార్థనలో ఒక మాట చేరింది, ‘ఈ గుండెను కాపాడు తండ్రీ’ అని. ఆదివారం చర్చిలో అయ్యగారు కూడా నాన్న గుండె కోసం ప్రార్థించేవారు. సంఘమంతా ఆమెన్ అనేది. అందరికన్నా గట్టిగా వినిపించేది అమ్మ గొంతే.

నాలుగైదేళ్ళు గడిచాక అమ్మ ఎడమ చెయ్యి లాగుతోందనడం మొదలుపెట్టింది. “కాజాలు కుట్టీ కుట్టీ సెయ్యి పడిపోతంది” అనేది. జూన్ నెల్లో స్కూళ్ళు తెరిచే ముందు పని ఎక్కువ, అప్పుడు నొప్పీ ఎక్కువ. అందుకని అందరం కాజాల మీదకే తోసేశాం. నేను జండూ బామ్ రాసి మర్దనా చేసేదాన్ని. మెట్లెక్కితే రొప్పేది, లావెక్కింది కదా అనుకున్నాం. గుండెల్లో మంటంటే గ్యాసన్నాం, సోడా తెచ్చిచ్చాం. నాన్నకి చిన్న తేన్పు వచ్చినా ఆటో పిలిచే వాళ్ళం మేం.

అప్పటికి నేను పాయకరావుపేటలో ఒక స్కూల్లో టీచరుని. రోజూ పొద్దున్నే బస్సు. రెండు వేల సంవత్సరం దాటాక, ఒక జూన్ నెల, స్కూళ్ళు తెరిచిన వారం, నాన్నని నెలవారీ చూపించడానికి ముగ్గురం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. నాన్న ఫైలు ఎప్పట్లాగే అమ్మ గుండెలకి హత్తుకుని కూర్చుంది. డాక్టరుగారు నాన్న చేతికి కట్టిన బీపీ పట్టీ విప్పుతూ అమ్మ వైపు చూశారు. ఆవిడ మెట్లెక్కి వచ్చి ఇంకా ఆయాసపడుతోంది.

“అమ్మా, మీరూ ఒకసారి ఇలా కూర్చోండి. చూసేస్తాను” అన్నారు.

“నాకేటండి డాక్టరుగారూ, గుండ్రాయి లాగున్నాను” అంది అమ్మ. కానీ లేచింది. లేచి నా వైపు చూసింది.

నేను గడియారం వైపు చూశాను. బస్సుకి పావుగంట ఉంది. “వచ్చే నెల చూపిద్దాంలెండి డాక్టరుగారూ” అన్నాను.

అమ్మ మళ్ళీ కూర్చుంది. ఫైలు సర్దుకుంది.

నేనన్న ఆ ఒక్క మాట రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో. బీపీ చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రోజు బస్సు ఎలాగూ ఆలస్యంగానే వచ్చింది.

అది జరిగిన పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం, పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తుండగా స్కూలు ఆఫీసుకి ఫోను వచ్చింది. అమ్మ యూనిఫారాల కుప్ప మధ్య కూర్చుని, ఒళ్ళంతా చెమటలు పట్టి, గ్యాసు పట్టేసింది, సోడా తెమ్మని పక్కింటివాళ్ళతో అందట. నాన్న షాపు వదిలి పరిగెత్తాడు. మా డాక్టరుగారు చూసి విశాఖపట్నం తీసుకుపొమ్మన్నారు. అమ్మ అనకాపల్లి దాటలేదు. నేను ఇంటికి వచ్చేసరికి చాప మీద సగం కుట్టిన చొక్కా ఉంది. దారం తెంపకుండా సూది కాజాలోనే ఉంది. అమ్మకి యాభై నిండలేదు.

వారం తరవాత డాక్టరుగారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. తిట్టించుకోవాలని వెళ్ళాను. ఆయన తిట్టలేదు. గిన్నె సంగతి, ఆవకాయ సంగతి, మీగడ సంగతి అంతా చెప్పి, “ఆ సొనలే చంపేశాయా సార్?” అని అడిగాను.

“గుడ్డు సొన తిని ఎవరూ చచ్చిపోరమ్మా” అన్నారు. “ఆవిడకి ఎప్పటి నుంచో బీపీ ఉండి ఉంటుంది. షుగరు కూడా ఉందేమో, మనం చూడలేదు కదా. బీపీ ఉన్న మనిషికి అంత ఉప్పు, అంత ఊరగాయ, రోజూ ఆ కొవ్వు, మందులు లేవు...” అంటూ స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టారు. “ఒక ఇంట్లో ఒకరికి ఉప్పు తగ్గిస్తే అందరికీ తగ్గించమని చెప్పాలి. నేనూ చెప్పలేదు” అన్నారు.

ఆయన తన తప్పు ఒప్పుకున్నారు. పెద్దమనిషి. నాకు మాత్రం ఏ ఊరటా దొరకలేదు. గోడ మీద కాగితంలో ‘నాన్న’ అన్న చోట ‘అందరూ’ అని రాస్తే సరిపోయేది. స్కేలు పెట్టి గీతలు గీసిన దాన్ని, ఆ పాటి ఆలోచన రాలేదు. ఇప్పటికీ ఏ ఆసుపత్రికి వెళ్ళినా, మొగుడి ఫైలు పట్టుకుని రొప్పుతూ కూర్చున్న ఆడవాళ్ళు కనిపిస్తే నా నోరు ఊరుకోదు. “మీరెప్పుడు చూపించుకున్నారండీ?” అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు ఈవిడెవరే అన్నట్టు చూస్తారు. చూడనీ.

అమ్మ కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక అయిపోయి, చుట్టాలందరూ వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న నాన్నకి టిఫిను నేనే చేశాను. గుడ్డు ఉడికించి, పెంకు ఒలిచి, రెండుగా చీల్చాను. తెల్లసొన రెండు చిప్పలూ నాన్న కంచంలో పెట్టాను. పచ్చసొన నా అరచేతిలో ఉండిపోయింది. అలవాటుగా పొయ్యి వెనక్కి చెయ్యి చాపితే గిన్నె ఉంది. ఎవరో చుట్టాలు శుభ్రంగా తోమి బోర్లించారు.

నాన్న ప్రార్థన కోసం కళ్ళు మూసుకున్నాడు. ‘ఈ గుండెను’ దాకా వచ్చి ఆగిపోయాడు. కళ్ళు తెరిచేసరికి నేనింకా అలాగే నిలబడి ఉన్నాను.

“ఏటమ్మా, సేతిలో?”

“సొన, నాన్నా.”

“మరిన్నాళ్ళూ దాన్ని మీ అమ్మ ఏటి సేసీది?”

“తినేసేది.”

నాన్న కంచం వైపు చూశాడు. గోడ మీద కాగితం వైపు చూశాడు.

“రోజూనా?”

“రోజూ.”

ఆ తరవాత నాన్న తొమ్మిదేళ్ళు బతికాడు, కాగితంలో ఉన్నది తుచ తప్పకుండా తిని. ఆ పొద్దున్న మాత్రం కంచం ముట్టలేదు. నేను సొన పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్ళి, పారేయడానికి చేతులు రాక, అక్కడే నిలబడి నోట్లో పెట్టుకున్నాను.