ఎక్కడ వదులుతావు?

తురిమిన కాలీఫ్లవర్‌ను ఆవిరికి పెట్టి మూత తీసినప్పుడు ఒక పచ్చి వాసన వస్తుంది. ఉడికిన క్యాబేజీకీ తడిసిన గోనెసంచికీ నడుమ ఉండే వాసన అది. ఈ ఉదయం కూడా వచ్చింది. ఇన్నేళ్ళుగా వండుతున్నా అది నాకు ఇష్టం కాలేదు. ఇష్టపడవలసిన అవసరం లేదని ఆ వంట నేర్పినవారే చెప్పారు. దానిని మెత్తగా ఎనిపి, చల్లారనిచ్చి, గట్టి పెరుగు కలిపి, అల్లం, పచ్చిమిరపకాయ, కరివేపాకు, ఆవాలతో తిరగమోత పెడితే వాసన అణగిపోతుంది. అప్పుడది ఇంచుమించు పెరుగన్నం. "కండ్లు మూసుకొని తినల్లప్పా, తెరిస్తే గుట్టు తెలిసిపోతాది" అనేవారు రంగనాథం గారు. ఆయన పోయి రెండు వానకాలాలు గడిచాయి. మా తమిళనాడు ధర్మపురిలో ఆయనను ఎరిగినవారు ఒక్కొక్కరుగా తగ్గిపోతున్నారు. ఎరుగనివారి కోసం, నాకు ఖాయంగా తెలిసినంత మేరకే ఇది వ్రాస్తున్నాను. కొత్తగా కల్పించే ఓపిక ఈ వయసులో లేదు, ఏ వయసులోనూ నాకు ఆ అలవాటు లేదు.

నల్లంపల్లి దగ్గర జాతీయ రహదారి పక్కన మామిడి గుజ్జును పీపాలకెత్తి విదేశాలకు పంపే కర్మాగారం ఒకటి ఉండేది. అందులో రంగనాథం గారు ఆర్థిక విభాగానికి అధికారి. నేను ఆయన కింద లెక్కలు చూసేవాణ్ణి. మా రెండు కుటుంబాలూ ఎన్నో తరాల క్రితం ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు వర్తకులవే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆయనకు తెలుగు లిపి రాదు. నేను వ్రాసే ఈ మాటలను ఆయన బ్రతికి ఉన్నా ఎవరో ఒకరు చదివి వినిపించవలసిందే. వారిది బియ్యం మండీ. తండ్రి తరువాత తమ్ముడు దానిని నడిపాడు. నలభై దాటిన కొత్తలోనే చక్కెర వ్యాధి బయటపడగా రంగనాథం గారు అన్నం, రాగి సంగటి రెండూ మానేశారు. భార్య అంతకు ముందే పోయింది కాబట్టి తన వంట తానే నేర్చుకొన్నారు. బియ్యం వ్యాపారి ఇంట్లో అన్నం తినని మనిషిని చూసి తమ్ముడు ఊరికే ఉండేవాడు కాదు. "మా అన్నను చూసి ఊరంతా నేర్చుకొంటే నేను మండీలో మేకల్ని కట్టుకోవాల్సిందే" అని వచ్చినవారందరికీ చెప్పేవాడు. ఆయన నవ్వి, మేకల వ్యాపారంలో పురుగు పట్టే భయం ఉండదు గదా అనేవారు.

ఎగుమతి చేసే కర్మాగారానికి సరుకు కంటే డాలరే పెద్ద చింత. సరుకు ఇవాళ ఓడ ఎక్కుతుంది, డబ్బు మూడు నాలుగు నెలల తరువాత వస్తుంది. ఈలోగా డాలరు విలువ పడిపోతే సంవత్సరం పొడుగునా పడిన శ్రమ అందులోనే కరిగిపోతుంది. అందువల్ల రాబోయే డాలర్లను ముందుగానే ఒక ధరకు బ్యాంకుకు అమ్మి ఉంచుతారు. ఒక మామిడి కాలంలో మా యజమాని, డాలరు ఇంకా పెరుగుతుంది, అమ్మవద్దు అన్నారు. రంగనాథం గారు వాదించలేదు. ఎక్కడికి పడితే యజమాని తాను పొరబడినట్టు ఒప్పుకొంటారో ఆ ధర ఒకటి చెప్పమన్నారు, అంతవరకు తాను అమ్మనన్నారు. యజమాని విసుగ్గా ఒక ధర చెప్పారు. కొన్ని వారాలకు డాలరు సరిగ్గా అక్కడికి దిగింది. ఆగమని యజమాని ఫోను చేసే సమయానికి ఈయన అమ్మేశారు. ఇక్కడ పాఠకులు ఆశించేది జరగలేదు. మరుసటి వారం డాలరు పైకి లేచింది. ఆ ఏడాదంతా యజమాని ఎవరు వచ్చినా, "ఇదో, మా లక్షలు మిగిల్చిన మహానుభావుడు" అని ఆయనను చూపించేవారు. నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఆయన మాత్రం, ధర తగిలిన తరువాత జరిగేదంతా వేరేవాళ్ళ కథ అనేవారు. సరైన పని చేసి కూడా నష్టపోవచ్చునని అంగీకరించిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

ఉద్యోగ విరమణ తరువాత నాకు తీరిక ఎక్కువైంది. ఫోనులో ఎవరో ప్రకటన పంపి, ఇంట్లో కూర్చుని డాలర్లు కొని అమ్మి సంపాదించవచ్చునని, మన దగ్గర ఉన్నదానికి వంద రెట్ల వ్యాపారం చేయనిస్తామని ఊరించారు. ఆ ప్రకటన తీసుకొని రంగనాథం గారి ఇంటికి వెళ్ళాను. ఆయన వంకాయలు కాలుస్తున్నారు. ఫోను చేత్తో కూడా తాకకుండా, అది అనుమతి లేని అంగడి అనీ, వంద రెట్ల అప్పు మీద వ్యాపారం చేస్తే ధర నూటికి ఒక్క రూపాయి దిగినా అసలు మొత్తం పోతుందనీ చెప్పారు. ఆశ చావకపోతే ప్రభుత్వ అనుమతి గల ఎక్స్ఛేంజిలో, అదీ ఒకే ఒక్క లాటు చేయమన్నారు. ఒక లాటు అంటే వెయ్యి డాలర్లు. ధర ఒక పైసా కదిలితే పది రూపాయలు అటో ఇటో. పోయినా వంటింటికి తెలియనంత డబ్బు మాత్రమే పెట్టాలి. మొదట కొన్ని నెలలు డబ్బు లేకుండా కాగితం మీదనే కొని అమ్మాలి. కొనడానికి ముందే బయటికి వచ్చే ధర నిర్ణయించాలి. దానినే స్టాప్ లాస్ అంటారు. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. దొరకనిది ఒకటి ఉన్నది. ఆ ధరను నన్ను చెప్పనివ్వలేదు. ఆ డబ్బు నాదీ, నా భార్య వసంతదీ. కాబట్టి మా ఇంటికి వచ్చి, ఆమెను కూర్చోబెట్టి అడిగారు.

"చెల్లెమ్మా, ఈయన డాలరు ఆట ఆడతాడంట. పోతే నీదీ పోతాది. ఎక్కడ వదులుతావు?"

వసంత కొంచెం ఆలోచించి, తాను కట్టే చీటీ ఒక నెల డబ్బు పోతే ఓర్చుకొంటానన్నది. "రెండో నెలది మాత్రం అడగొద్దండి" అని నా వైపు చూసింది. నష్టం ఎవరు మోయాలో ధర వారే చెప్పాలన్నది ఆయన నియమం. మా ఇళ్ళలో ఇది తలకిందుల మాట. కొన్న వెలకు తక్కువగా సరుకు వదలడం మా పెద్దలకు ఇంటి దీపం ఆర్పడంతో సమానం. పురుగు పట్టినా మూట అలాగే ఉంచి, ధర ఎప్పటికైనా వస్తుందని కూర్చొనేవారు. నేనూ అలాగే కూర్చోబోయినప్పుడు, డాలరు మీ తాత దాచిన శెనక్కాయల మూట కాదప్పా అని ఆయన అమ్మించారు. అలా చిన్న లాభాలు, చిన్న నష్టాలతో కాలం గడిచింది. చెప్పుకోదగినంత సంపాదించలేదు, చెప్పుకోలేనంత పోగొట్టుకోలేదు.

ఆ తరువాతి వేసవిలో వసంత మొక్కు తీర్చుకోవడానికి తీర్థమలై గుడి కొండ ఎక్కింది. చెప్పులు లేకుండా ఎండకు కాలిన మెట్ల మీద నడిచింది. ఆమెకూ చక్కెర వ్యాధి ఉన్నది, పాదాల్లో స్పర్శ అప్పటికే తగ్గి ఉన్నది. ఎడమ బొటనవేలి కింద బొబ్బ లేచినట్టు ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కొనేదాకా ఎవరికీ తెలియలేదు. అది పుండయింది. సేలంలో వైద్యుడు మందులు వ్రాసి, చక్కెర అదుపులోకి రాకపోతే పుండు మానదనీ, వేలితో మొదలై పాదం దాకా పోవచ్చుననీ చెప్పారు. మరునాటి ఉదయమే రంగనాథం గారు రెండు కాలీఫ్లవర్లు, ఒక సొరకాయ, మునగాకు కట్ట తీసుకొని మా వంటింట్లోకి వచ్చారు. నేను అంతవరకు పొయ్యి వెలిగించి ఎరుగను. ముందు వైద్యుడికి ఫోను చేయించారు. అన్నం తగ్గిస్తే మాత్రలు కూడా తగ్గించవలసి రావచ్చు, లేకపోతే చక్కెర ఉన్నపళంగా పడిపోతుందని రంగనాథం గారి భయం. తరువాత నా చేత కూరగాయలు తరిగించారు. సొరకాయ కొబ్బరి కూటు, మునగాకు వేసి గుడ్డు పొరటు, నెయ్యి వేసి ఎనిపిన ఆకుకూర, వేయించిన శెనక్కాయల పొడి. రోగి వంటలా ఉండకూడదు, ఇంటి వంటలా ఉండాలి, లేకపోతే నాలుగో రోజు మానేస్తారు అనేవారు. వసంత పెద్దగా ఫిర్యాదు చేయలేదు. ఒక్కసారి మాత్రం, "అన్నా, మీ వంటకు సుగరు తగ్గేది నిజమే. తినాలనే ఆశ కూడా తగ్గిపోతా ఉండాది" అన్నది. ఆయన అందరికంటే ఎక్కువగా నవ్వారు.

చక్కెర తగ్గింది. ఉదయం సాయంత్రం వేలు గుచ్చి చూసిన అంకెలు వారం వారం దిగుతూ వచ్చాయి. వాటిని చూసి నేను ధైర్యం తెచ్చుకొన్నాను. పుండు మాత్రం ఆ అంకెలను లెక్కచేయలేదు. తరువాతిసారి వైద్యుడు వేలి మొదట్లో ఎరుపు ఆగిన చోట నీలి పెన్నుతో గీత గీసి, ఎరుపు ఆ గీత దాటితే వెంటనే రమ్మన్నారు. వేలు తీయవలసి రావచ్చునన్నారు. ఆ సాయంత్రం రంగనాథం గారు వచ్చినప్పుడు నేను అంకెలు చదివి వినిపించాను. ఆయన ఓపికగా విని, నన్ను దాటి వెళ్ళి, వసంత మంచం పక్కన కుర్చీ వేసుకొన్నారు. మునుపటి ప్రశ్ననే అడిగారు. ఈసారి గొంతు బాగా తగ్గింది.

వసంత దుప్పటి తొలగించి నీలి గీతను వేలితో తాకింది. తరువాత, "ఈ గీత దాటితే వేలు తీసేయమనండి. నాకు కాలు కావాల. నడవాల. అప్పుడు ఈయన అంకెలు చదివితే మీరు నన్ను విననీయొద్దు" అన్నది.

కొద్ది రోజులకు, ఒక ఉదయం, గోరు మందాన ఎరుపు గీతను దాటింది. ఆ ఉదయమే ఆమె చక్కెర ఆ నెలలో అన్నిటికంటే తక్కువ చూపింది. మందు మార్చి రెండు రోజులే అయింది, ఇంకో రెండు రోజులు ఆగుదాం అన్నాను. ఆ మాటలో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు. ఎవరికైనా అలాగే తోస్తుంది. వసంత సంచిలో చీర సర్దుకొంటున్నది. వాకిట్లో నిలబడి ఉన్న రంగనాథం గారిని, మీరైనా చెప్పండి సార్ అని అడిగాను.

"నన్ను అడగొద్దు. కాలు ఎవరిది?" అన్నారు.

మొరప్పూర్ దాకా ఆటోలో, అక్కడి నుంచి సేలం దాకా రైలులో నేను వాదిస్తూనే ఉన్నాను. వసంత కిటికీ వైపు తిరిగి కూర్చున్నది. చివరికి ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "కేశవులూ, నీ అంకె మంచిదే. ఎవరూ కాదనలేదు. ధర తగిలింది, అంతే" అన్నారు. నేను ఊరుకొన్నాను. ఒప్పుకొని కాదు, అలసిపోయి.

వేలు తీశారు. పాదం నిలిచింది. రెండు రోజులు ఆగి ఉంటే వేలు కూడా దక్కేదా అని వైద్యుడిని తరువాత అడిగాను. చెప్పలేమన్నారు. ఆగి ఉంటే పాదం పోయేదా అని కూడా అడిగాను. అదీ చెప్పలేమన్నారు. జీవితమంతా కూడికలు తేల్చిన నాకు ఈ ఒక్క లెక్క తేలలేదు, ఇక తేలదు. తాను చెప్పినదే సరి అయిందని రంగనాథం గారు ఏనాడూ అనలేదు. ఆసుపత్రికి క్యారియరులో గుడ్డు పొరటు తెచ్చారు, పక్కన ఒక చిన్న డబ్బా కూడా పెట్టారు. వైద్యుడిని అడిగే తెచ్చానని నాతో చెప్పి, మూత తీసి వసంతకు ఇచ్చారు. అందులో రెండు చెంచాల నిజమైన పెరుగన్నం ఉన్నది. ఆమె తింటున్నంతసేపు ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ తరువాత నిబంధనలు మారాయి. నిజమైన ఎగుమతో దిగుమతో లేనివారు రూపాయి మీద అటువంటి వ్యాపారం చేయకూడదన్నారు. నేను ఖాతా మూసేశాను, బాధ కలగలేదు. కొంత కాలానికి రంగనాథం గారు నిద్రలోనే పోయారు. తమ్ముడు ఆ రోజు మండీ తెరవలేదు. వచ్చినవారితో ఎగతాళి మాట ఒక్కటీ అనలేకపోయాడు.

పోయిన వారం వసంత కంటి పొర చూపించడానికి వెళ్ళాం. ఇప్పుడే శస్త్రచికిత్స చేయించుకొంటారా, వేసవి పోయాకనా అని డాక్టరమ్మ అడిగింది. మూడు నెలల చక్కెర అంకెలు తేదీలతో సహా నా చేతిలో ఉన్నాయి. ఏ నెల అనుకూలమో నాకు తెలుసు. నోరు తెరిచాను, మూసుకొన్నాను. డాక్టరమ్మ నా వైపే చూస్తున్నది, మగవాడే బదులిస్తాడని కాబోలు. నేను వసంత వైపు తిరిగాను. ఆమె ఒడిలో చేతులు పెట్టుకొని, తొందర లేకుండా ఆలోచిస్తున్నది. బయట వరుసలో మనుషులు విసుక్కొంటున్నారు. ఆమె చెప్పేదాకా నేను కూర్చొనే ఉన్నాను.