ఇష్తియాక్ జతచేసిన ఉత్తరం

ఇష్తియాక్‌కి జీవితంలో ఏదీ సిఫార్సు లేకుండా దొరకలేదు. విజయవాడలో ఆ పరిశోధన కేంద్రం స్టోర్ కీపర్ ఉద్యోగం ఒక కార్పొరేటర్ ఉత్తరంతో వచ్చింది. గ్యాస్ కనెక్షన్ ఇంకో పెద్దమనిషి చీటీతో వచ్చింది. ఇంటికి ఫోను పెట్టించుకోవడానికైతే ఇద్దరిచేత చెప్పించాడు. అందుకే ఎవరు ఏ దరఖాస్తు పెట్టినా అతను మొదట అడిగేది ఒకటే: "మనవైపు చెప్పేవాళ్లెవరున్నారండీ?"

1999లో ఆ కేంద్రానికి అమెరికా నుంచి ఒక యంత్రం రావాలి. శాంపిల్‌ని గడ్డకట్టించి, తడి లాగేసి పొడి చేస్తుంది; ఆ పొడి ఫ్రీజర్ లేకపోయినా ఏళ్ల తరబడి చెడదు. అది కావలసింది శివపార్వతికి. కైకలూరు దగ్గర చేపలమ్ముకునే ఇంటి పిల్ల. రొయ్యల చెరువుల్ని తుడిచిపెట్టేసిన తెల్లమచ్చ వైరస్ మీద పీహెచ్‌డీ చేస్తోంది. నాలుగేళ్లు చెరువుగట్లంట తిరిగి, రెండొందల పన్నెండు సీసాల శాంపిళ్లు పోగుచేసింది. అవన్నీ ఒక ముసలి డీప్ ఫ్రీజర్లో ఉన్నాయి. ఈసారి చెడితే ఇక తనవల్ల కాదని మెకానిక్ చెప్పేశాడు. కొత్త ఫ్రీజర్ అడిగితే, యంత్రం మంజూరయిందిగా, రెండూ ఎందుకని పైవాళ్లు కొట్టిపారేశారు.

అంతకుముందు ఏడాదే మనవాళ్లు అణుపరీక్షలు చేశారు. రొయ్యల రోగాన్ని దాచే యంత్రం మనుషుల రోగాన్నీ ఆయుధంగా దాచగలదు కదా అని అమెరికా వాళ్ల అనుమానం. అందుకని కంపెనీ ఒక ఫారం పంపింది. యంత్రాన్ని ఎవరు వాడతారు, దేనికి వాడతారు, రక్షణ శాఖతో సంబంధం ఉందా? విభాగం హెడ్ దుర్గాప్రసాద్ గారు అన్నీ నిజాలే నింపి, చివరి ప్రశ్నకి 'ఏ సంబంధమూ లేదు' అని రాసి, పోస్టు చేయమని ఇష్తియాక్ చేతికిచ్చారు.

ఫారం ఒక్కటే! సముద్రాలు దాటి పోయే కాగితానికి వెనకాముందూ ఎవరూ లేరు. ఇష్తియాక్‌కి ఆ పిల్ల మీద జాలి వేసింది. అతని భార్య తమ్ముడు అఫ్రాజ్ హైదరాబాదులో రక్షణ శాఖ లాబొరేటరీలో ఆఫీసరు. ఇష్తియాక్ సెలవు పెట్టి రైలెక్కాడు. అఫ్రాజ్ మొదట నసిగాడు. అక్క చేత ఫోను చేయిస్తే మెత్తబడ్డాడు. మూడు సింహాల ముద్ర ఉన్న కాగితం మీద, ఈ విభాగం నాకు బాగా తెలుసు, నమ్మదగినవారు అని రాసిచ్చాడు. ఇష్తియాక్ దాన్ని ఫారానికి పిన్ను చేసి, ఎవరికీ చెప్పకుండా పోస్టులో వేశాడు. యంత్రం వచ్చాక చెబుదామనుకున్నాడు, పాపం.

మూడు నెలలకు జవాబొచ్చింది. రక్షణ శాఖతో సంబంధం లేదని ఒక కాగితం, ఉందని ఇంకో కాగితం చెబుతున్నాయి గనక యంత్రం అమ్మలేమన్నారు.

"ఇదెవరు పెట్టారయ్యా?" జవాబుతో తిరిగొచ్చిన అఫ్రాజ్ ఉత్తరాన్ని చూపించి అడిగారు దుర్గాప్రసాద్ గారు.

"నేనేనండీ. మంచి జరుగుతుందనీ..."

సారు వివరణలు మూడు రాశారు. మూడింటికీ అదే జవాబు, తేదీలు మాత్రమే వేరు. సంబంధం లేదని అఫ్రాజ్ చేతే ఇంకో ఉత్తరం రాయిస్తానన్నాడు ఇష్తియాక్. సారు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. ఒక్క పిన్ను తీసేస్తే పోయేదాన్ని ఇక ఏ దేవుడూ తీయలేడని అతనికప్పుడు అర్థమైంది.

మరుసటి ఏడాది మే నెలలో, ఒక ఆదివారం, ఫ్రీజర్ ఆగిపోయింది. సోమవారం తలుపు తీసేసరికి సీసాల్లోవన్నీ కరిగి నీళ్లయి, వాసన కొడుతున్నాయి. పాడైన వైరస్ సీసాల్ని ఆవిరిలో ఉడికించి పారేయాలని నియమం. ఆ పని స్టోర్ కీపర్‌దే. ఫెలోషిప్ గడువు జూన్‌తో సరి. మళ్లీ చెరువుల వెంట తిరగడానికి ఆ పిల్లకి వ్యవధి లేదు.

"అమ్మా, నీ నాలుగేళ్లూ నేనే పోగొట్టాను" అన్నాడు ఇష్తియాక్.

శివపార్వతి మొదటి సీసా చేతిలోకి తీసుకుంది. "మీరు నాకోసం హైదరాబాదు దాకా వెళ్లారంట కదా భాయ్ గారూ. మావాళ్లు కూడా నాకోసం ఎవర్నీ ఏమీ అడగలేదండీ."

తిడితే బాగుండుననిపించింది అతనికి. ఆ పిల్ల తిట్టలేదు. పక్కన నిలబడి ఒక్కో సీసా అందించింది. అందించే ముందు దాని మీదున్న చీటీ పైకి చదివింది, ఏ ఊరు, ఎవరి చెరువు, ఏ రోజు తెచ్చింది. రెండొందల పన్నెండూ చదివింది. ఇష్తియాక్ రెండొందల పన్నెండూ విన్నాడు.