మగ్గాల సప్పుడు ఆగినంక

మా గల్లి పెద్దమ్మ పోయిన సంగతి నాకు మా కులసంఘం వాట్సాప్ గ్రూపుల తెలిసింది. "ఇండ్లు నిలవెట్టిన తల్లి ఇక లేరు" అని రాసి, కింద దండం బొమ్మలు పెట్టిండు సంఘం పెద్దమనిషి. ఆమె బతికున్నన్ని దినాలు "ఇండ్లు కూలగొట్టే ముండ" అని గల్లి గల్లి చెప్పుకుంట తిరిగింది గా మనిషే. కరోనా రెండోసారి వచ్చినప్పుడు దవాఖానల మంచం దొరకక, బెంచీ మీద కూసున్న జాగల్నే ఆమె పాణం పోయింది. నాకు ఏడుపు కన్న ముందు కోపం వచ్చింది. గా కోపంతోనే రాస్తున్న, మీరేమన్న అనుకోండ్రి.

మేం బతకవచ్చిన గుజరాత్ పట్నంల, లింబాయత్ల మా ఇంటికి ఎదురుంగ ఆమెది ఒక్కటే అర్ర. మొగడు పోయినంక చీరెలకు రాళ్ళు అతికే పని చేసుకొని బతికింది. మన తెలుగోళ్ళే గాదు, గుజరాతీ ఆడోళ్ళు, ఒరియా ఆడోళ్ళు గూడ ఆమెను పెద్దమ్మా అనే పిలిచేటోళ్ళు. చాయల చక్కెర ఏసుకోకపోయేది. "తీపి ఎక్కువైతె నోరు మెత్తవడ్తది బిడ్డా" అనేది. ఒకసారి మహిళా దినమని కార్ఖాన సేటు ఆడోళ్ళందరికి గులాబీలు పంచిండు. ఈమె పువ్వు వాపస్ ఇచ్చి, "సేట్, ఫూల్ నహీఁ, సండాస్ బనావో" అన్నది. సేటు మొకం సూడాలె గప్పుడు! ఆడోళ్ళకు పాయఖాన అయితే కట్టిచ్చిండు, రెండేండ్లు పట్టింది.

ఫోన్ల ఎక్కడెక్కడి దేశాల ఆడోళ్ళ ఊరేగింపులు సూస్తుండేది. ఒక వీడియోల వేలమంది ఆడోళ్ళు గిన్నెలు గరిటెలు పట్టుకొని సడకు మీద కొడుతున్నరు. "గిదేం దేశం పెద్దమ్మా?" అంటే, "ఏమో, భాష సమజైతలేదు, కోపం సమజైతున్నది" అన్నది.

మా గల్లి గురించి మీకు జర చెప్పాలె. కింద కరెంటు మగ్గాలు, పైన మేము. పొద్దు లేదు మాపు లేదు, ధడధడ ధడధడ. పక్కనున్నోనితోని మాట్లాడాల్నన్నా ఒర్రాలె. గట్ల ఒర్రి ఒర్రి మా అందరి గొంతులు గట్లనే తయారైనయి. మేం గుసగుస అనుకునేది బయిటోళ్ళకు కొట్లాట లెక్క ఇనవడ్తది.

నా మరిది, అతని పెండ్లాం మా గోడ అవుతలనే ఉండేటోళ్ళు. ఆ పిల్ల నా యారాలు. పదకొండేండ్లు దెబ్బలు తిన్నది. "నీకేం ఇనవడ్తలేదానే?" అని పెద్దమ్మ ఎన్నిసార్లు అడిగిందో. "మగ్గాల సప్పుడుల ఏం ఇనవడ్తది పెద్దమ్మా" అని తప్పించుకునేదాన్ని. పచ్చి అబద్ధం. అన్ని ఇన్న. ఇని, పప్పుల పోపు ఏసుకున్న.

లాక్‌డౌన్ పెట్టంగనే మగ్గాలు బంద్ అయినయి. నాలుగిండ్ల అవుతల కుక్కర్ సీటి కొడితె ఇనవడేది. దేశమంతా బయిటికొచ్చి తలెలు పళ్ళాలు కొట్టిన వారానికో పదిరోజులకో, ఒక మాపటీలి నా మరిది ఎప్పటి లెక్కనే చెయ్యి లేపిండు. మగ్గాలు నడుస్తలెవ్వన్న సోయి లేదు. తన మామూలు గొంతుతోని, "ఒర్రు, ఎంతన్న ఒర్రు, ఒక్కనికి గూడ ఇనవడది" అన్నడు. గల్లంత ఇన్నది!

పెద్దమ్మ తలె, గంటె పట్టుకొని బయిటికొచ్చింది. "ఇనవడ్డది కొడకా! అందరికి ఇనవడ్డది!" అనుకుంట కొట్టుడు మొదలువెట్టింది. ఒక్కొక్క తలుపు తెరుసుకున్నది. ఒరియా ఆమె వచ్చింది, మరాఠీ ముసలమ్మ వచ్చింది, అందరి చేతుల్ల తలెలే. నా చేతిల గూడ తలె ఉండె. మా ఆయన నా దిక్కు ఒక్క సూపు సూసిండు, నేను కొట్టలె. తలుపు సందు నుంచి సూసుకుంట నిలవడ్డ. నా యారాలు పెదివి పగిలి, బిడ్డను సంకనేసుకొని బయిటికొస్తే, పెద్దమ్మ తన అర్రకు తోల్కపోయింది.

మర్నాడు సంఘమోళ్ళు నలుగురు దిగిండ్రు. "కరోనా అయిపోయినంక పంచాయితి పెడదాం, అప్పటిదాక పిల్లను మొగనింట్ల ఉంచుదాం" అన్నరు. "అప్పటిదాక దెబ్బలు గూడ బంద్ ఉంటయా?" అన్నది పెద్దమ్మ. నలుగురు వచ్చిన తొవ్వ పట్టిండ్రు. ఏడాది పొడుగూత తల్లీబిడ్డలను ఆ ఒక్క అర్రల తనతోనే ఉంచుకున్నది.

పెద్దమ్మ పోయిన పదకొండో దినం నాడు సంఘమోళ్ళు కుర్చీలు దూరం దూరం ఏసి ఆమె గురించి మాట్లాడుడు పెట్టిండ్రు. పెద్దమనిషి లేసి గొంతు సవరించుకున్నడు. "ఇండ్లు కలుపుడే అమ్మ కోరిక. ఆమె ఆత్మ శాంతించాల్నంటె, ఈ బిడ్డను ఇయ్యాల మొగనింటికి సాగదోలుదాం." నా మరిది కొత్త అంగీ తొడుక్కొని రెడీగ కూసున్నడు. నా యారాలు నా దిక్కు సూసింది. అర్ర ఖాళీ చెయ్యమన్నడు ఇల్లుగలాయన, పెద్దమ్మ లేదు. ఇగ ఆ పిల్లకు ఎవలున్నరు?

"అబద్ధం" అన్న. నా గొంతు నాకే కొత్తగుండె. "పెద్దమ్మ గట్ల ఎన్నడనలె. మీకు సిగ్గుండాలె, సచ్చిన మనిషి నోట్ల మీ మాట పెడుతున్నరు."

"నోరు మూస్కో" అన్నడు మా ఆయన.

"పదకొండేండ్లు మూసుకున్నది సాలు" అన్న. "పా, పోలీసు ఠాణకు పోదాం" అని యారాలు చెయ్యి పట్టుకొని లేపిన. "ఠాణకు పోతే మళ్ళ నా ఇంటికి రాకు" అని మా ఆయన ఎన్కనుంచి ఒర్రిండు. పోయినం. పెద్దమ్మ లేకుంటె నేను ఇయ్యాల్టికి గూడ గోడ ఇవుతలనే ఉందు.

ఠాణల రాసుకునే మేడం హిందీల అడిగింది, సాక్షి ఎవలని. నేనే అన్న. కొట్టంగ సూసినవా అన్నది. సూడలె, ఇన్న అని చెప్పిన. "మరి ఇన్నేండ్లు ఏం చేసినవ్?" అన్నది. ఇగ ఆమె నా యారాలు దిక్కు తిరిగి, జర మాస్క్ తియ్యమన్నది.

యారాలు చెవుల పొంటి దారం తీసి, మాస్క్ ఒళ్ళె పెట్టుకున్నది. కింది పెదివి రెండు జాగల్ల అతికి, వంకరగ మానింది. నేను మొకం తిప్పుకోకుంట సూసుడు గదే మొదటిసారి.