ఉలిగమ్మ విత్తనాల చేట

శివరాత్రి జాగారంతో కళ్ళ మంటలు తగ్గకముందే ఉలిగమ్మ అటకెక్కేది. మొగుడు కొండప్ప కింద నిచ్చెన పట్టుకుని నిలబడి, "నీ పిల్లల్ని పదిలంగా దించుకో" అని ఎగతాళి చేసేవాడు. పిల్లలంటే విత్తనాలు. సొరబుర్రల్లో చిక్కుడు, అనప. చిన్న కుండలో బూడిద కలిపిన వంగ. చూరుకు వేలాడే ఎండు బీరకాయలు. గుమ్మడి, దోస గింజలు పేడలో కలిసి పెరటి గోడకు పిడకలై అతుక్కుని ఉండేవి. వాటిని ఊడబెరికి, నలిపి, తాలు చెరిగి, పుచ్చు ఏరి, ఉగాది దాకా ఆమెకు ఇంకో లోకం ఉండేది కాదు.

ఆ ఊరు పెనుకొండ నుంచి ధర్మవరం వైపు పోయే బండిదారిలో ఉంది. ఊళ్ళో ఎవరి దొడ్డి సంగతేమిటో ఆ ఇంటివాళ్ళ కన్నా ఉలిగమ్మకే బాగా తెలుసు. ఎల్లమ్మ దొడ్డిది చౌడు నేల, దోస వేస్తే దండగ. పక్కింటి పార్వతమ్మ బావి కింద ఎర్రనేల, వంగ విరగకాస్తుంది. ఏరుతూనే ఎవరికేం ఇవ్వాలో మనసులో పంచేసుకునేది. మిగతా ఆడవాళ్ళు కాయ కోసుకు తినడమే గాని విత్తనం దాచిన పాపాన పోలేదు. ఉలిగమ్మ ఉండగా మనకెందుకా తంటా అని వాళ్ళ ధీమా.

ఉగాది నాడు తలంటు పోసుకుని వాళ్ళంతా వచ్చేవాళ్ళు. ఉలిగమ్మ చేటకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక్కొక్కరి ఒడిలో విత్తనాలు పోసేది. ఊరికే పొట్లం కట్టిస్తే కుదరదు, ఒడిలోనే పడాలి. ఒడి నింపే చెయ్యి ముత్తైదువది కావాలి. ఆ చేతి చలవతోనే మడి పండుతుంది, ఇంట్లో కడుపూ పండుతుంది. ఈ నమ్మకాన్ని ఎవరూ ఆమెకు నేర్పలేదు. గాలి పీల్చుకున్నట్టు పీల్చుకుంది, అంతే.

ఆ చేట ఆమె చేతికి 1951లో వచ్చింది. ఆ ఏడు మామ పోయాడు. ఉగాదికి అత్త తిమ్మక్క చేటను కోడలి చేతిలో పెట్టి తాను నడిమింటి తలుపు వెనక కూర్చుంది. "పార్వతమ్మకు వంగ ఇంగో పిడికెడు ఎయ్యి" అని లోపల్నుంచే చెప్పేది గాని, చచ్చేదాకా ఒక్క ఉగాదికీ గడప దాటి రాలేదు. ఉలిగమ్మ అప్పుడు చిన్నది. ముసలామెకు పని తప్పిందిలే అనుకుంది. పెద్దరికం తన చేతికొచ్చిందని మురిసిపోయింది కూడా. తలుపు వెనక ఆమె ఎట్లా కూర్చుందో ఒక్కసారైనా తొంగి చూడలేదు.

1964 కార్తీకంలో చలిజ్వరం వచ్చి కొండప్ప పోయాడు. ఆ ఏడే వానలు మొహం చాటేశాయి. బావి అడుగున రాళ్ళు తేలాయి. ఉన్న ఒక్క కూతుర్నీ మడకశిర దిక్కు ఇచ్చేశారు. ఆ పిల్ల చెయ్యి ఇప్పుడు ఇంకో ఇంటిది. చేట అందుకోవడానికి కోడలు లేదు.

శివరాత్రి వెళ్ళాక ఉలిగమ్మ నిచ్చెన తానే వేసుకుని ఎక్కింది. ఆమె బెంగంతా వంగ కుండ మీదే. తెల్లకాయకు పచ్చచారలుండే ఆ వంగను అత్త తన పుట్టినూరు కనగానపల్లి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చింది. ఇంకెక్కడా లేదు. కిందటేడు నీళ్ళు చాలక ఎవరూ వేయలేదు గనుక కుండలో ఉన్నది పాత గింజ. ఈ ఎండలకు ఇంకో ఏడాది ఆగితే మొలవదు. తన బావి ఎండిపోయింది. ఈ ఉగాదికి ఎవరో ఒకరి మడిలో పడకపోతే ఆ వంగ కథ ముగిసినట్టే.

వెధవరాలి చేతి నుంచి ఒడి పట్టరని ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసిన సంగతి కూడా మన దాకా రాదనుకోవడం మనుషులకున్న జబ్బు. కనీసం పార్వతమ్మ రాకపోదనుకుంది. ఉగాది నాడు చేటకు పసుపు రాయలేదు, తడిగుడ్డతో తుడిచి అరుగు మీద పెట్టుకుని కూర్చుంది. పొద్దు తిరిగింది. వీధిలో పోయేవాళ్ళు అటు చూడకుండా పోయారు. పిచ్చుకలు మాత్రం వచ్చాయి. వాటికి పట్టింపులు లేవు.

మరునాడు దొడ్డిగోడ అవతల పార్వతమ్మ మడి కడుతూ కనిపించింది.

"నిన్న రాకపోతివే వదినా. నీకని వంగ తీసిపెట్టినా," అంది ఉలిగమ్మ.

పార్వతమ్మ పార పక్కన పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఏమనుకోవాకు వదినా. నా కోడలు నిండు మనిషి. ఈ ఏడు పెనుకొండ సంతలో పొట్లాలు తెచ్చుకుంటిమి. హిందూపురం పొట్లాలంట. మింద కాయ బొమ్మ కూడా ఉండాది."

"నా విత్తనం చెడిపోయిందా?"

"విత్తనానికేం వదినా, బంగారం. చెయ్యే..." అని ఆగిపోయింది.

ఉలిగమ్మ గొంతు తగ్గించింది. "ఒడిలో పొయ్యనులే. ఈ గోడ మింద పెట్టి పోతా. నేను లోపలికి పోయినాక తీసుకో."

"గోడ మింద పెట్టినా నువ్వు పెట్టినట్టే గదా వదినా."

పార్వతమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చెడ్డది కాదు. కొండప్ప పోయిన నెలంతా ఉలిగమ్మకు సంగటి తెచ్చిపెట్టింది ఆమే. ఉలిగమ్మకు కోపం వచ్చి ఉంటే కొంచెం బాగుండేది. రాలేదు. పార్వతమ్మ జాగాలో తానున్నా ఇదే మాట అనేది.

ఇంట్లోకి వచ్చి నడిమింటి తలుపు వెనక కూలబడింది. అక్కడ గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో, నూనె మరక నల్లగా ఉంది. తిమ్మక్క తల పెట్టుకున్న చోటు. ఎన్ని ఉగాదులు అక్కడ కూర్చుని బయట నవ్వులు విన్నదో. మొగుడు పోయినప్పుడు ఏడ్చిన దాని కంటే ఎక్కువగా ఏడ్చింది ఉలిగమ్మ, అత్త కోసం.

ఆ వారంలోనే తమ్ముడు సంజీవప్ప వచ్చాడు. అతను హిందూపురం మండీలో మూటలు మోస్తాడు. "ఈడ ఒక్కదానివే ఏం చేస్తావక్కా? సుబ్బరాయుడు శెట్టి అంగట్లో విత్తనాలేరే పని ఉండాది. నీకు చేతనైన పనే గదా," అన్నాడు. వంగ కుండ ఒళ్ళో పెట్టుకుని ఆమె పెనుకొండలో రైలెక్కింది.

శెట్టి అంగడి వెనక రేకుల పంచ ఉంది. అక్కడ గోనెల మీద వరసగా ఆడవాళ్ళు కూర్చుని విత్తనాలు ఏరి, బొమ్మల కాగితాల్లో పొట్లాలు కడుతున్నారు. ఒక్క నుదుట కూడా బొట్టు లేదు. ఉలిగమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"రాక్కా, కూచో. ఈడంతా మన మాదిరోళ్ళే," అంది మడకశిర నుంచి వచ్చిన అంకమ్మ అనే ఆమె, కాస్త పక్కకు జరిగి. "కట్టుకున్నోడుండేవాళ్ళు దినమంతా ఈడ కూచుంటారా?"

"ఈ పొట్లాలు జనం కొంటారా?"

"ఎందుకు కొనరు? పొట్లం మింద వంకాయ కనపడతాది, మనం కనపడం."

నవ్వాలో ఏడవాలో తెలియక ఉలిగమ్మ కూర్చుని చేట ముందుకు లాక్కుంది.

కనగానపల్లి గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే సగం పైగా మొలకెత్తాయి. శెట్టి వాటిని ఊరి బయట ఒక తోటలో వేయించాడు. కాయ చూసి ముచ్చటపడి, పండిన విత్తనమంతా మరుసటి ఉగాదికి పొట్లాలకెత్తమన్నాడు. ఎత్తింది ఉలిగమ్మే. ఆ పొట్లాలు అన్ని సంతలకూ పోయినట్టే పెనుకొండ సంతకూ పోయాయి.

1966 కార్తీకంలో కొండప్ప తద్దినానికి ఆమె ఊరికొచ్చింది. శెట్టి అంగట్లో ఏదో పని చేస్తోందనే గాని, ఏం పనో ఊళ్ళో ఎవరికీ తెలియదు. పార్వతమ్మ మనవణ్ణి చంకనేసుకుని ఎదురొచ్చి, రెక్క పట్టుకుని మరీ బావి దగ్గరికి తీసుకుపోయింది. మడి నిండా తెల్లకాయలు, పచ్చచారలు.

"చూస్తివా వదినా, పోయిందనుకుంటిమే, మీ అత్త వంగ. హిందూపురం పొట్లంలో వచ్చిండాది. ఏ ముత్తైదువ కట్టిందో గాని చల్లని చెయ్యి. ఒక్క మొక్క చావలేదు."

ఉలిగమ్మకు మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే రేపు పొద్దునకల్లా మడి పీకేస్తారు. చంకలో పిల్లవాడికి దగ్గొచ్చినా ఆ వంగ మీదకే తోస్తారు.

"అవును వదినా. మంచి చెయ్యే అయ్యుంటాది," అంది.

పార్వతమ్మ సంతోషపడింది. "వచ్చే ఉగాదికి ఇదే పొట్లం మీ తమ్మునితో పంపీ. కాకపోతే... ఏమనుకోవాకు, నువ్వు మాత్రం ముట్టుకోవాకు. శెట్టితోనే సంచిలో ఏయించు."

"అట్లే వదినా. నేను ముట్టుకోనులే."

శివరాత్రి వెళ్ళిన మరునాడు రేకుల పంచలో ఉలిగమ్మ ఆ ఒక్క పొట్లానికి గింజ గింజా ఏరింది. కాగితం మడిచి, మెతుకుతో అంటించి, శెట్టి బల్ల మీద పెట్టింది. సంజీవప్ప సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. శెట్టి పొట్లాన్ని అందులో వేస్తుంటే ఆమె దూరంగా జరిగి, చేతులు కొంగులో చుట్టుకుని చూసింది. మాట ఇచ్చింది గనుక ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.