‘థ’ కడుపులో చుక్క

ముప్ఫై ఏళ్ళు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి బతికాను. ఏటా మొదటిరోజు బోర్డు మీద ఆ మాట రాసి, ‘థ’ కడుపులో చుక్కను సుద్దముక్కతో రెండుసార్లు ఒత్తి పెట్టేవాణ్ని. పిల్లలు చాదస్తం అనుకునేవారు. అనుకోనీ.

మా నాన్న ఆర్మూర్ అంగడిలో పసుపు తూచే దడువాయి. తొమ్మిదో తరగతిలో ఈ సబ్జెక్టు తీసుకున్నానంటే, "గది సదివితే ఏమైతవురా? దేనికి అర్థం చెప్తవు?" అన్నాడు. దానికి జవాబు మా సార్ దగ్గర ఉంది. ఆయన చదువంతా ఉర్దూలోనే. కిటికీలోంచి పసుపు బండ్లు చూపించి, "బండ్లు మస్తుగ వచ్చినై. ఏమైతది?" అని అడిగేవారు.

"ధర పడ్తది సార్."

"గట్ల వచ్చే సరుకు రసద్. కొనెటోళ్ళు కావాలె కావాలె అంటే గది తలబ్. మీ నాయిన్ను అడుగు, నాకంటె మంచిగ చెప్తడు."

ఆ సాయంత్రం అడిగాను. నాన్న అన్నం ముందు చెయ్యి కడుక్కుని కూడా తినకుండా గంటసేపు చెప్పాడు. ఆయనకు తెలిసిందేమిటని ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

ఇంతలో రాష్ట్రం మారింది. బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు, తెలుగులో రాసి చెప్పగలిగితేనే సార్ పెద్ద క్లాసులో ఉంటారు, లేకపోతే బదిలీ అన్నారు. మాట ఆయనకు బాగానే వచ్చు, అక్షరాలే రావు. అన్నం గంటలో నన్ను వరండాలో కూర్చోబెట్టుకుని, పాఠాల పేర్లు కాగితం మీద రాయించుకుని దిద్దేవారు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పలక పట్టిన పిల్లాడిలా నాలుక బయటపెట్టి మరీ దిద్దేవారు. నాకేమో సార్‌కే సారునైనంత పొగరు.

ఒకరోజు పుస్తకం అట్ట మీది సబ్జెక్టు పేరునూ నా కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, "కితాబుల చుక్క ఉంది, నువ్వు పెట్టలే" అన్నారు.

"రెండు ఒకటే సార్. చుక్కదేముంది?"

"మా ఉర్దూల గట్ల నడ్వదు బేటా. పై చుక్క కిందికి పడితే ఖుదా పోయి జుదా అయితది. దేవుడని రాయబోతే ఎడబాటని వస్తది."

"తెలుగుల నడుస్తది సార్" అన్నాను. నా నోరు పడిపోను. చుక్క లేకపోతే అది ‘అర్ధం’, అంటే సగం, అని నాకూ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అసలే తెలియదు.

ఇన్‌స్పెక్టర్ రానే వచ్చాడు. సార్ నేను నేర్పినట్టే, ముత్యాల్లాంటి అక్షరాలతో బోర్డు మీద ‘అర్ధశాస్త్రం’ అని రాశారు.

"సగం శాస్త్రమా? తక్కిన సగం ఎవరు చెప్తారండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

క్లాసంతా నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. సార్ బోర్డు వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. "గల్తీ నాదే సాబ్" అన్నారు. నేను పుస్తకంలో తల దూర్చాను.

నెల తిరక్కుండానే ఆయన్ను ఎక్కడో దూరపు ఊళ్ళో చిన్నపిల్లల ఉర్దూ బడికి వేశారు. తలబ్, రసద్ చెప్పిన మనిషి ఇక అలిఫ్, బే అంటూ ఓనమాలు దిద్దించాలి. ఆ మాట విని నాన్న, "గంత మంచి సారును ఎందుకు పంపిన్రురా?" అని అడిగాడు. తెల్వదన్నాను.

నిజం చెప్పేద్దామనే బస్సు దగ్గరికి పోయాను. సార్ షేర్వానీ జేబులోంచి నా పాత కాగితం తీశారు, కలం తీశారు. "బేటా, గా చుక్క ఎక్కడ పెట్టాలె? జర పెట్టియ్యి."

ఇంక ఆయనకు ఆ మాటతో పనే లేదు. అయినా పెట్టిచ్చాను. గట్టిగా ఒత్తాను, సిరా కాస్త ఎక్కువైంది. "నేనే తప్పు చెప్పిన సార్" అన్న నాలుగు మాటలు మాత్రం అనలేదు. ఆయన సిరా ఆరేదాకా ఊది, కాగితం మడిచి లోపల పెట్టుకుని బస్సెక్కారు.