కొరింథులో మొదటి బంతి

అరవైల చివర, తెనాలిలో కొత్తగా బడిపంతులునైన రోజులవి. అంతకుముందు బాపట్లలో ట్రైనింగు చదివేటప్పుడు ఒక ముసలి పాస్టరుగారు ప్రాచీన పట్టణాల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదవమని ఇచ్చారు. ఇక నా కాలు నేల మీద నిలిస్తే ఒట్టు! బైబిలు వాక్యం అందరికీ తెలుసు, ఆ వాక్యం పుట్టిన వీధులు తెలిసింది నా ఒక్కడికే అని పొగరు.

మా చర్చిలో పంట పండుగ ఆదివారం ప్రసంగం నాకిచ్చారు. రేపల్లె దగ్గర పల్లెలో కూలికి వెళ్లే మా అమ్మకు కబురు పెట్టాను. "నీ ప్రసంగం ఇని, నీ పక్కన కూచుని తింటానురా నాయనా" అని తిరుగు కబురొచ్చింది. నాన్న పోయాక కూలి చేసి నన్ను చదివించింది ఆవిడే. ఆ ఒక్క పూటా ఆవిడకు దక్కాలని నా ఆశ.

పొద్దుటి బండికి అమ్మ రాలేదు. కోతల రోజులు, సగం కోసిన చేలో నుంచి ఆసామి ఎవర్ని పోనిస్తాడు? ఉసూరుమంటూనే ప్రసంగం మొదలుపెట్టాను.

ప్రభువు బోధ చాటిన అపొస్తలుడు ఉత్తరం రాసిన గ్రీకు పట్టణం కొరింథును కళ్లకు కట్టించాను. రెండు రేవుల మధ్య ఊరు, మన జంక్షన్ లాగే ఎప్పుడూ జనం. అక్కడి విశ్వాసుల సంఘం కూడేది కలిగినవారి ఇంట్లో. భోజనాల గదిలో పట్టేది పదిమందే. తీరుబడి ఉన్నవాళ్లు ముందొచ్చి లోపల కడుపునిండా తినేవారు. మూటలు మోసి ఆలస్యంగా వచ్చినవాళ్లకు వాకిట్లో మిగిలిందే గతి. ప్రభువు బల్ల దగ్గర ఇదేం బుద్ధని అపొస్తలుడు ఆ ఉత్తరంలో వాళ్లను కడిగేశాడు.

"ఛీ ఛీ, ఏం మనుషులండీ!" అన్నారు ముందు వరసలోని హెడ్మాస్టరుగారు. ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

ఆపైన సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు. మా సంఘంలో మొదటి బంతి పెద్దలది, ఉద్యోగస్తులది. పంట పండుగే అయినా పంట కోసినవాళ్లది ఆఖరి బంతి. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, కాబట్టి ఎవరూ తీసెయ్యలేదు.

హెడ్మాస్టరుగారు తన పక్కన నాకు ఆకు వేయించారు.

"మా అమ్మ రావాలండి" అన్నాను.

"వస్తార్లెండి, కూర చల్లారిపోద్ది. కూర్చోండి."

కూర్చున్నాను. వేటకూర రెండోసారి కూడా వేయించుకున్నాను, బాగుంది మరి!

అమ్మ మూడింటికి వచ్చింది, కొంగుకు ఇంకా గడ్డిపరకలతో. అప్పటికి కూర గిన్నెలు తోముతున్నారు. ఆవిడ ఆకులో అన్నం పెట్టి చారు పోశారు. పక్కన కూర్చున్నాను గాని నా ముందు ఆకు లేదు.

"ఏం చెప్పావురా?" అంది.

ముందు తిన్నవాళ్ల సంగతి, వాకిట్లో వాళ్ల సంగతి, ఉత్తరం సంగతి అంతా చెప్పాను. చెబుతూ చెబుతూ సిగ్గుతో తల దించుకున్నాను.

అమ్మ చారన్నం కలుపుకుంటూ శ్రద్ధగా విన్నది.

"మరి ఆ ఉత్తరం వాళ్లకి అందిందంటావా, నాయనా?"

"అందిందమ్మా" అన్నాను, తలెత్తకుండా.